గూట్లో పెట్టిన సీసా

1962 జూన్ 3, ఆదివారం. తాండూరు

ఈ నోట్‌బుక్ హైదరాబాద్ డాక్టర్ ఇచ్చిన పని. ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎక్కడ అడ్డం పడింది, రోజూ రాయమన్నాడు. అది ముందు పేజీల్లో రాస్తున్నాను. వెనక పేజీలు నావి. ఎవరికీ చూపించను.

ఆపరేషన్ అయి రెండు నెలలు. ఆసిడ్‌కు కాలి మూసుకుపోయిన అన్నవాహికను పక్కన పెట్టేసి, నా పెద్దపేగులోంచే ఒక ముక్క తీసి, ఛాతీలోంచి మెడ దాకా తెచ్చి కుట్టారు. డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నేను తిన్నది ఇప్పుడు ఆ పేగులోంచి దిగుతుంది. దిగేటప్పుడు గుడగుడమని చప్పుడు. పక్కనున్నవాళ్ళకు కూడా వినిపిస్తుంది. అంతకుముందు ఐదు నెలలు పొట్టకు రంధ్రం చేసి, గొట్టంలోంచి జావ పోశారు. ఉమ్మి కూడా మింగలేక గిన్నె పట్టుకొని కూర్చునేవాణ్ణి.

గొంతు పోయింది. మాట గుసగుసగానే వస్తుంది. స్టేషన్‌లో గూడ్స్ క్లర్క్‌గా వ్యాగన్ల పక్కన నిలబడి అరిచినవాణ్ణి.

ఇవాళ జొన్న జావ, పలచగా, ఆరు చెంచాలు. అరగంట పట్టింది. తిన్నాక రెండు గంటలు పడుకోకూడదు. పడుకుంటే తిన్నదంతా నోట్లోకి వస్తుంది.

జూన్ 5

రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రిలో ఎనిమిది నెలలు ఇదే ఆలోచించాను.

పోయిన అక్టోబర్‌లో ఇంట్లో కొత్తగా నాపరాళ్ళు పరిపించాను. పని చేసింది మా బావమరిది కిష్టప్ప. వికారాబాద్‌లో మేస్త్రీ. బండల మీది సున్నపు మరకలు కడగడానికి ఆసిడ్ తెచ్చాడు. కొంచెం మిగిలితే నా ఖాళీ మందు సీసాలో పోశాడట. నాలుగో రోజు నేను నైట్ డ్యూటీ దిగి తెల్లవారేటప్పటికి ఇల్లు చేరాను. కడుపుబ్బరం. గూట్లో మందు సీసా ఎప్పుడూ ఉండేచోటే ఉంది. తీసి, గ్లాసు కూడా పట్టకుండా ఒక గుక్క తాగాను. అది మందు కాదు.

కానిస్టేబుల్ వస్తే రుక్కమ్మ తనే ముందుకొచ్చి చెప్పిందట, "నేనే గూట్లె వెట్టి మర్సిన" అని. పొరపాటు అని రాసుకొని పోయాడు. నేనప్పుడు మాట్లాడే స్థితిలో లేను.

రుక్కమ్మ నా భార్య. పెళ్ళయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో సూది కూడా ఎక్కడ పెట్టిందో మరిచిపోలేదు. ఆసిడ్ మరిచిపోతుందా?

జూన్ 8

కారణం లేకుండా ఎవరూ ఏదీ చేయరు. కారణం ఉంది.

మాకు పిల్లల్లేరు. రెండేళ్ళ కింద అవ్వ, నన్ను కన్న తల్లి, పోరు పెడితే దౌల్తాబాద్ పోయి ఒక పిల్లను చూసి వచ్చాను. రుక్కమ్మకు గొర్రెల సంతకు పోతున్నానని చెప్పాను. ఆమెకు తెలిసింది. ఎట్లా తెలిసిందో తెలియదు. ఏమీ అనలేదు. నెల రోజులు వడ్డించేటప్పుడు నా మొహం చూడలేదు. రెండో పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుందని మా హెడ్ క్లర్క్ చెప్పాకే నేను ఆగాను. ఆమె కోసం ఆగలేదు. అది కూడా ఆమెకు తెలుసు.

ఈ సంగతి డాక్టర్‌కూ కానిస్టేబుల్‌కూ తెలియదు.

జూన్ 13. పీర్ల పండుగ

వీధిలో డప్పులు. రుక్కమ్మ బెల్లం షర్బత్ చేసి గ్లాసు నిండా ఇచ్చింది. పండుగపూట తియ్యగా తాగమంది. చల్లగా, సులువుగా దిగింది. సంతోషించాను.

పదిహేను నిమిషాలకు గుండె దడదడ. చెమటలు. చేతులు వణికాయి. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. తర్వాత విరేచనం. ఒక గంటకు తగ్గింది.

గ్లాసు కడిగేసింది. అంత తొందరగా ఎందుకు కడిగింది?

జూన్ 15

ఇంకో సంగతి గమనించాను. వంటింటి గూటికి తలుపు బిగించి తాళం వేసి ఉంది. నేను ఆసుపత్రిలో ఉండగానే కిష్టప్పతో పెట్టించిందట. చావి నడుముకు దోపుకొని తిరుగుతుంది. అవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వదు. ఇవాళ అవ్వ నా దగ్గర కూర్చొని ఏడ్చింది. "కన్న కొడుక్కు ఇంత జావ కాసిద్దామంటే చెయ్యి వెట్టనిస్తలేదు దేవప్పా. నేనేమన్న పరాయిదాన్నా?" అన్నది.

తల్లిని వంటింట్లోకి రానివ్వని మనిషి లోపల ఏం చేస్తున్నట్టు?

జూన్ 20

ముందు పేజీల చార్ట్ చూశాను. అవ్వ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి రెండుసార్లు అంబలి కాచింది. రెండుసార్లూ దిగింది. రుక్కమ్మ చేసినవాటిలో ఏడుసార్లు మెడ దగ్గర ఆగింది. ఆగితే ఊపిరి ఆగినంత పని. వంగి, వేలు పెట్టి, కక్కుకోవాలి. కళ్ళల్లో నీళ్ళు. అవ్వ వీపు రాస్తుంది. రుక్కమ్మ చెంబు పట్టుకొని నిలబడి చూస్తుంది. అట్లా చూడడం నాకు నచ్చలేదు.

ఇవాళ పొద్దున చెప్పాను, ముందు నువ్వు తిని ఇవ్వమని. ఎందుకని అడిగింది. వేడి చూడడానికి అన్నాను. నా మొహంలోకి చూసింది. అర్థమైంది ఆమెకు. చెంచాతో తీసుకొని తిన్నది. తర్వాత చెంచా కడిగి నాకిచ్చింది.

జూన్ 21

తిని ఇచ్చింది. తాగాను. ఏమీ కాలేదు.

జూన్ 22

తిని ఇచ్చింది. ఏమీ కాలేదు. అయినా ఆమె తినేది ఒక చెంచానే కదా.

జూన్ 27. వికారాబాద్

పొద్దున ప్యాసింజర్‌లో వచ్చాం. మెడ దగ్గర కుట్లు పడ్డచోట దారి బిగుసుకుంటోందట. నెలనెలా గొట్టం దింపి సాగదీయాలట. హైదరాబాద్ డాక్టర్ ఇక్కడి డాక్టరమ్మకు లెటర్ రాసిచ్చాడు. ఆమెది బీదర్ వైపు. తెలుగులో కన్నడం కలుపుతుంది. కూర్చోబెట్టి, తల వెనక్కి పట్టి, రబ్బరు గొట్టాలు సన్నవి, తర్వాత లావువి దింపింది. మూడోదానికి నెత్తురు రుచి తెలిసింది. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాను. రుక్కమ్మ నా తల పట్టుకుంది.

అయ్యాక నేను బెంచీ మీద కూర్చున్నాను. వరండా చివర రుక్కమ్మ డాక్టరమ్మతో చాలాసేపు మాట్లాడింది. కళ్ళు చూపిస్తూ ఏదో చెప్పింది. డాక్టరమ్మ తల ఊపింది. నేను లేచి వెళ్ళేసరికి ఇద్దరూ ఆపేశారు.

ఏం మాట్లాడావని రైల్లో అడిగాను. "ఏం లేదు, తిండి సంగతే" అన్నది. తిండి సంగతికి కళ్ళు చూపించాలా?

జూలై 2

మెత్తగా పిసికిన అన్నం, పప్పుకట్టు. రెండో ముద్దకే ఆగింది. పావుగంట నరకం. జావ చాలు కదా, అన్నం ఎందుకు పెట్టావంటే, గట్టిది తింటేనే దారి మూసుకోదని డాక్టరమ్మ చెప్పిందట. నాకెందుకు చెప్పలేదు? నాతో చెబితే భయపడి తిననని ఆమెకు చెప్పిందట.

అన్నీ ఆమెకే చెబుతారు. నా గొంతులోకి ఏం పోవాలో అందరూ ఆమెకే చెబుతారు.

జూలై 6, శుక్రవారం

అనేశాను.

సాయంత్రం ఆమె అన్నం పిసుకుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నా గుసగుస గొంతుతోనే అన్నాను, ఆ సీసా నువ్వు మరిచిపోయి పెట్టలేదు, దౌల్తాబాద్ సంగతి మనసులో పెట్టుకొని పెట్టావు, అని. షర్బత్ సంగతి కూడా అన్నాను. అరవగలిగితే ఇంత ఘోరంగా ఉండేది కాదేమో. గుసగుసగా అంటుంటే ఒక్కొక్క మాట విడివిడిగా వినిపించింది.

ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుంది. "పదకొండేండ్ల సంది నా చేతి బువ్వ తిన్నవ్. గా ఒక్క సీస తోని నేను గింత దాన్నైన్నా?" అన్నది. 

పొద్దున ప్యాసింజర్‌కు వికారాబాద్, తమ్ముడి ఇంటికి పోతానని చెప్పింది. ఆపలేదు.

జూలై 7

పోయింది. పోయేముందు చావి నా చేతిలో పెట్టింది. "గీ చావి నీ తాన్నే ఉండనియ్యి. అత్తకియ్యకు" అన్నది. పోతూ పోతూ కూడా అవ్వ మీద పగే.

జూలై 8

అవ్వ అంబలి. దిగింది. ఆమె లేని ఇంట్లో భయం లేకుండా మింగాను.

జూలై 9

అవ్వ సంతోషంగా ఉంది. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే. గూటి చావి అడిగితే ఇచ్చాను. తన ఇంట్లో తన గూటికి తాళమేమిటని తాళం తీసి మూలకు విసిరేసింది. దౌల్తాబాద్ పిల్లకు ఇంకా పెళ్ళి కాలేదట. నేను ఏమీ అనలేదు.

గుండ్రటి కిరోసిన్ సీసా నా చేతిలోంచి జారి పగిలింది. మిగిలిన కిరోసిన్ ఖాళీ మందు సీసాలో పోసి గూట్లో పెట్టాను.

జూలై 11, బుధవారం

 జరిగింది రాస్తాను. క్రమంగా రాస్తాను.

పొద్దున పది గంటలకు మందు తాగే వేళ. అవ్వ లేచి, నువ్వు కూర్చో, నేనిస్తానంది. గూట్లో చేయి పెట్టి తడిమింది. చూడలేదు, తడిమింది. ఒక సీసా తీసింది. అంచు మీద వేలు పెట్టుకొని, చుక్క కింద పడకుండా ఔన్సు గ్లాసులోకి పోసింది. ఎంత జాగ్రత్తగా పోసిందో. తెచ్చి నా చేతికిచ్చింది. "గుటుక్కున తాగు కొడుకా" అన్నది.

కిరోసిన్ వాసన.

ఆమె నా ఎదురుగానే నిలబడి నవ్వుతోంది. నశ్యం పీల్చి పీల్చి ఆమెకు వాసన తెలియడం ఎప్పుడో పోయింది. కళ్ళలోకి చూశాను. రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర. ఎన్నాళ్ళుగా ఉందో. రోజూ ఆ మొహం చూస్తూ కూడా కళ్ళు చూడలేదు.

తాగినట్టు చేసి గ్లాసు కింద పెట్టాను. మందు సీసా ఎట్లా గుర్తుపట్టావవ్వా అని అడిగాను. ఆమె గర్వంగా చెప్పింది. "నలుపలకల సీస మందుది. గుండ్రంది నూనెది. చేతికి ఎర్కైతది. కండ్లెందుకు?"

 తనే చెప్పుకుపోయింది. "గప్పుడు గూడ గంతే. కిష్టప్ప బండలేసి పోయిన దినం నీ మందు సీసను పెరట్ల గోడ మీద పారేసి పోయిన్రు. నేనే జూసి తెచ్చి గూట్లె వెట్టిన. నీ పెండ్లానికి గివన్ని ఏడ యాదికుంటయ్?"

చెప్పి, పొయ్యి దగ్గరికి పోయి మంట ఊదుతూ కూర్చుంది. తను ఏం చెప్పిందో తనకు తెలియదు. ఆసిడ్ సీసా పెట్టింది కోడలేనని అందరిలాగే తనూ నమ్మింది. తను పెట్టింది మందు సీసా అనుకుంటోంది.

గ్లాసు పెరట్లో పారబోశాను. గూటికి తాళం వేశాను. చావి మొలతాడుకు కట్టుకున్నాను.

జూలై 12

ముందు పేజీల్లో కూడా ఏమీ రాయలేదు. తినలేదు.

జూలై 14, శనివారం. వికారాబాద్

కిష్టప్ప ఇల్లు రైలు గేటు అవతల. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఆసుపత్రి నుంచి ఇల్లు చేరాక అతను మా గడప తొక్కలేదు. తల దించుకొని, "సీస మీద చీటి అంటియ్యకపోవుడు నా తప్పే బావా" అన్నాడు. బయటికి పోయాడు.

రుక్కమ్మ చేటలో కందులు చెరుగుతోంది. ఆపలేదు. నేను కింద కూర్చొని, అవ్వ చెప్పింది చెప్పాను. చేట ఆగింది. అత్తకు తెలిసిపోయిందా అని అడిగింది. మొదట అడిగింది అదే. తెలియదన్నాను. అప్పుడు ఊపిరి తీసుకుంది.

ఆమెకు ఆ రోజే తెలుసు. ఆసిడ్ సీసాను గోడ మీద పెట్టించింది తనే, ఎవరికీ అందకుండా. నేను తాగి పడిపోయాక గోడ మీద చూస్తే లేదు. ఆ పూట పెరట్లో తిరిగింది అవ్వ ఒక్కతే. కానిస్టేబుల్ అడిగేలోపే నిర్ణయించుకుంది. గూటికి తాళం అందుకే. అవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వనిది అందుకే. డాక్టరమ్మతో మాట్లాడింది అవ్వ కళ్ళ గురించి. షర్బత్ సంగతీ అడిగిందట. తియ్యటి నీళ్ళు ఒక్కసారిగా పేగులోకి జారిపోతే అట్లాగే చెమటలు పడతాయట, కొంచెం కొంచెం తాగాలట. నాకు చెప్పబోతే నేనే విననన్నానట. నిజమే. గొట్టం దింపించుకొని వచ్చిన మర్నాడు ఆమె ఏదో చెప్పబోతే నేను వినలేదు.

నీ మీదికి ఇంకో పిల్లను తెమ్మని పోరు పెట్టిన అవ్వను ఎందుకు కాపాడావని అడిగాను.

"అత్త మీద ప్రేమ, పావురం ఉండి గాదు" అన్నది. "కన్న కొడుకును నేనే గిట్ల జేస్తినని ఎర్కైతే బాయిల దుంకుతది. గప్పుడు నీకు నోట్లె నీళ్ళు గూడ దిగుతలేవు. తల్లి సావు ఎట్ల దిగుతుండె?"

 

తర్వాత ఆమె చాలా మాట్లాడింది. కోపంగా మాట్లాడింది. నేను అనుమానిస్తానని కల్లో కూడా అనుకోలేదట. పరాయివాడైన కానిస్టేబుల్ నమ్మాడు, మొగుడు నమ్మలేదు. చెంచాతో తిని చూపించిన పదహారు రోజులు మరిచిపోనంది. లెక్క పెట్టుకుందన్నమాట. రమ్మన్నాను. రానన్నది.

అయినా మధ్యాహ్నం కంచంలో మెత్తటి అన్నం పిసికి నా ముందు పెట్టింది. చిన్న చిన్న ముద్దలు. నలభై నిమిషాలు తిన్నాను. ఆమె అటు తిరిగి కందులు చెరిగింది.

ఒక్కణ్ణే సాయంత్రం బండికి తిరిగి వచ్చాను.

జూలై 17

అవ్వ వండుతానంటే పక్కన కూర్చొని ప్రతిదీ నేనే అందిస్తున్నాను. ఉప్పు నేనే వేస్తున్నాను. కోడలి బుద్ధి నాకూ వచ్చిందని అవ్వ అలిగింది.

జూలై 24

వచ్చింది. కిష్టప్ప దింపి పోయాడు.

రెండు మాటలు చెప్పింది, గడపలోనే. అవ్వకు కళ్ళ ఆపరేషన్ చేయించాలి. దౌల్తాబాద్ పేరు ఈ ఇంట్లో ఇంకెన్నడూ వినపడకూడదు. రెండూ సరేనన్నాను. రెండోది అవ్వకు నేనే చెప్పాను. నా గొంతు ఇవాళ కొంచెం గట్టిగా వచ్చింది. అవ్వ అదిరిపడింది.

రుక్కమ్మ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది.

ఆగస్టు 1

గొట్టం నాలుగో సైజు దిగింది. డాక్టరమ్మ సంతోషించింది.

ఆగస్టు 19

రొట్టె పాలలో నానబెట్టి తిన్నాను. ఆగింది. భయపడ్డాను. నిటారుగా కూర్చో, ఒక గుక్క నీళ్ళు తాగు, ఆగు, అని రుక్కమ్మ పక్కనుంచి చెప్పింది. చెప్పినట్టు చేశాను. గుడగుడమని దిగింది. నీ పేగు తిట్టుకుంటోందని అన్నది. జూలై తర్వాత నాతో తిండి సంగతి కాని మాట అదే.

సెప్టెంబర్ 8

మూడో తారీఖున డ్యూటీలో చేరాను. అరిచే పని లేదని పార్సిల్ ఆఫీసులో వేశారు. రుక్కమ్మ ఆరు చిన్న డబ్బాలు సర్ది ఇచ్చింది. గంటన్నరకు ఒకటి. అందరూ చూస్తుండగా తినడానికి సిగ్గేసింది. రెండో రోజు నుంచి వేయలేదు.

అక్టోబర్ 16. వికారాబాద్

అవ్వకు కుడికంటి పొర తీశారు. కట్టు కట్టి కదలకుండా పడుకోబెట్టారు. నెత్తి అటూ ఇటూ తిప్పొద్దన్నారు. రుక్కమ్మ చెంచాతో జావ తాగిస్తోంది. అవ్వ చప్పగా ఉందని సణిగింది. పడుకునే మింగాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. మెల్లగా మింగమని చెప్పాను.

నవంబర్ 25, ఆదివారం

అవ్వకు కళ్ళద్దాలు వచ్చాయి. మందంగా, సోడా సీసా అడుగులా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఇల్లంతా తిరిగి చూసింది. బండలు నల్లగా ఉన్నాయనుకుందట, నీలంగా ఉన్నాయంది. నా మెడ మీది కుట్ల మచ్చ చూసి, వేలితో తడిమింది. ఇంత పొడుగుందా అన్నది.

తర్వాత గూటి దగ్గరికి పోయింది. నాకు భయం వేసింది. సీసాలు ఒక్కొక్కటీ తీసి వెలుతురులో పెట్టి చూసింది. మందుది. కిరోసిన్‌ది. రెండూ నలుపలకలవే, కిరోసిన్ దాని మీద రుక్కమ్మ అంటించిన చీటి. రెండూ పక్కపక్కన పెట్టింది. కళ్ళు మూసుకొని రెండింటినీ చేత్తో తడిమింది. రుక్కమ్మ నా వైపు చూసింది.

అవ్వ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది. "దేవప్పా, గోడ మీదికెళ్ళి నేను తెచ్చిన సీస మందుదేనా?"

నేను తొమ్మిది నెలలు రుక్కమ్మ మీద ప్రూఫ్‌లు వెతికినవాణ్ణి. ఆ మొహం చూసి అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మందుదేనవ్వా, అన్నాను. ఆసిడ్ సీసా నేనే, స్నానాలగది బండలు కడుగుదామని ఆ తర్వాత తెచ్చి దాని పక్కన పెట్టుకున్నాను, పొద్దున నిద్రమత్తులో అది తీసుకున్నాను, అన్నాను. మరి రుక్కమ్మ తను పెట్టానన్నదేమిటంది. నా ఉద్యోగానికి చెడ్డపేరు రాకూడదని తన మీద వేసుకుందన్నాను.

కళ్ళద్దాల వెనక పెద్దగా కనిపిస్తున్న ఆ కన్ను నన్ను చాలాసేపు చూసింది.

నవంబర్ 26

అవ్వ పొద్దుట్నుంచీ తిడుతోంది. మెట్రిక్ సదివిన గాడిదా, ఆసిడ్ దెచ్చి మందు పక్కన వెడ్తవారా, నా కోడలు పాపం ఏడాది సంది నీ తప్పు మోసెనా, అని వీధికంతా వినపడేలా. రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకొని పెరట్లోకి పరిగెత్తింది. నా నోట్లో రొట్టె ఉంది. నవ్వితే పొలమారుతుంది.

మింగాక నవ్వాను.